లివర్‌పూల్ పతనంలో గ్రేమ్ సూనెస్ వాటా ఎంత?

కోటిపల్లి రేవు

స్కాట్లండ్ ఫుట్‌బాల్ మాట వచ్చినప్పుడల్లా ఇక్కడి చర్చలు అలెక్స్ ఫెర్గూసన్, కెన్నీ డాల్గ్లిష్‌ల దగ్గరే ఆగిపోతున్నాయి. గ్రేమ్ సూనెస్ పేరు ఎత్తితే మాత్రం, ఆటగాడిగా మహా గొప్పవాడనీ, మేనేజర్‌గా వచ్చి ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్‌ను ముంచాడనీ ఒక్క ముక్కలో తీర్పు చెప్పేసి అందరూ ముందుకు సాగిపోతున్నారు. ఆ తీర్పులో మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగాన్ని ఈసారి ఆధారాలు పెట్టుకుని విచారిద్దామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నా మొగ్గు ఆ తీర్పువైపేనని దాచుకోను.

ముందు ఆటగాడి సంగతి. 1953లో ఎడిన్‌బరోలో పుట్టిన సూనెస్ కుర్రతనంలో టాటెన్‌హామ్‌లో చేరి, అక్కడ ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండానే మిడిల్స్‌బరోకు వెళ్లిపోయాడు. జాక్ చార్ల్‌టన్ మేనేజర్‌గా వచ్చి అతన్ని మైదానం నడిమధ్యన నిలబెట్టాక, 1973–74లో ఆ జట్టు రెండో డివిజన్‌ను 15 పాయింట్ల తేడాతో గెలిచింది. గెలుపుకు రెండే పాయింట్లు ఇచ్చే ఆ రోజుల్లో అది మామూలు తేడా కాదు. 1978 జనవరిలో లివర్‌పూల్‌కు వచ్చి 1984 దాకా 359 మ్యాచ్‌లు ఆడి 55 గోల్స్ చేశాడు. ఐదు లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్పులు, వరుసగా నాలుగు లీగ్ కప్పులు ఆ కాలంలోవే. 1978 యూరోపియన్ కప్ ఫైనల్లో బెల్జియం క్లబ్బు బ్రూజ్ రక్షణ వరుసను చీల్చుకుంటూ డాల్గ్లిష్ కాళ్ల ముందుకు వెళ్లిన బంతి అతను అందించినదే. 1984లో ప్రత్యర్థి రోమా సొంత మైదానంలోనే జరిగిన ఫైనల్ పెనాల్టీల దాకా వెళితే, కెప్టెన్‌గా తన వంతు పెనాల్టీని వలలోకి కొట్టి కప్పు అందుకున్నదీ అతనే. అదే టోర్నీ సెమీఫైనల్లో డైనమో బుకారెస్ట్ ఆటగాడు మోవిలా దవడ విరిగింది కూడా అతని దెబ్బకేనన్న సంగతి మరచిపోకూడదు, ఎందుకంటే ఆ ఆటలోని నేర్పు, కరకుదనం ఒకే మనిషివి, ఆ తర్వాత మేనేజర్ కుర్చీలో కూర్చున్నదీ ఆ మనిషే.

ఇప్పుడు అభియోగం. 1991 ఏప్రిల్‌లో అతను మేనేజర్ అయ్యేనాటికి లివర్‌పూల్ వరుసగా తొమ్మిది సీజన్లు మొదటి రెండు స్థానాల్లో ఏదో ఒకదానిలో నిలిచి, పదో సీజన్‌లోనూ రెండో స్థానం వైపు నడుస్తోంది. అతని చేతిలో మొదటి పూర్తి సీజన్‌లో ఆరో స్థానం, రెండో సీజన్‌లో మళ్లీ ఆరో స్థానం, మూడో సీజన్ నడుమ 1994 జనవరి 28న రాజీనామా. ఆ ఏడు జట్టు ఎనిమిదో స్థానంలో ముగిసింది. తర్వాతి లీగ్ టైటిల్ 2020లో గానీ రాలేదు. పీటర్ బియర్డ్‌స్లీ, స్టీవ్ స్టాంటన్, గ్యారీ గిలెస్పీ, స్టీవ్ మెక్‌మాన్, గ్యారీ ఆబ్లెట్, రే హౌటన్, బారీ వెనిసన్ – ఇంతమందిని ఏడాదిన్నర తిరక్కముందే బయటికి పంపాడు. ఇంత తక్కువ కాలంలో ఇంత పెద్ద జట్టును విప్పి పడేసిన మేనేజర్ మరొకరు నాకు తెలియదు. కాదనేవారు ముందుకు రండి.

పాత బంతి

రేవు గారూ, పది సీజన్ల లెక్క ఆ జట్టు వైభవాన్ని చెబుతుంది గానీ 1991 వసంతంలో దాని ఆరోగ్యాన్ని చెప్పదు. ఆ ఫిబ్రవరిలో ఎవర్టన్‌తో 4–4గా ముగిసిన ఎఫ్.ఏ. కప్ మ్యాచ్ తర్వాత అప్పటి మేనేజర్ డాల్గ్లిష్ ఉన్నట్టుండి రాజీనామా చేశాడు. రక్షణ వరుసకు మూలస్తంభమైన అలన్ హాన్సెన్ అప్పుడే ఆట విరమించాడు. ఆర్సెనల్ ఒకే ఒక్క మ్యాచ్ ఓడి, ఏడు పాయింట్ల తేడాతో టైటిల్ ఎగరేసుకుపోయింది. గోల్‌కీపర్ గ్రోబెలార్‌కు 33 ఏళ్లు. రష్, వీలన్, మెక్‌మాన్, నికల్ అందరూ ముప్ఫైకి అటో ఇటో ఉన్నవారు. ఆ జట్టులో అందరికంటే ప్రతిభావంతుడైన జాన్ బార్న్స్ 1991–92లో గాయాలతో చాలా భాగం ఆడలేదు. 1992 జూన్‌లో ఫిన్లండ్‌లో ఇంగ్లండ్ తరఫున ఆడుతూ మడమ నరం తెగిన తర్వాత మునుపటి వేగం అతనికి మళ్లీ రాలేదు. ఈ గాయాలకు సూనెస్ ఏమి చేయగలడు?

ఆటగాళ్లను అమ్మిన సంగతిలో ఒక నిబంధనను అందరూ మరచిపోతున్నారు. ఇంగ్లండ్ క్లబ్బులు యూరప్ పోటీల్లో ఆడకూడదన్న నిషేధం 1990లో తొలగినా, లివర్‌పూల్ ఒక ఏడాది ఎక్కువ ఆగి 1991–92లో యూఈఎఫ్‌ఏ కప్‌లోకి తిరిగి వచ్చింది. సరిగ్గా ఆ ఏడాది నుంచే ఒక జట్టులో ముగ్గురు విదేశీయులు, వారికి తోడు ఆ దేశంలోనే ఆట నేర్చుకుని స్థిరపడ్డ మరో ఇద్దరు మాత్రమే ఉండాలన్న పరిమితి అమలైంది. ఆ లెక్కలో స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ వాళ్లందరూ విదేశీయులే. ఆ మూడు దేశాల వాళ్లతో నిండిపోయిన జట్టును చేతిలో పెట్టుకున్న మేనేజర్ ఇంగ్లండ్ ఆటగాళ్లను వెతుక్కోవడం నేరమెలా అవుతుంది?

పైగా 1992 ఏప్రిల్‌లో అతనికి గుండె శస్త్రచికిత్స జరిగింది. వైద్యులు వద్దంటున్నా మే 9న ఫైనల్ జరిగే వెంబ్లీకి వచ్చి కూర్చున్నాడు. సండర్‌లండ్‌ను 2–0తో ఓడించి జట్టు ఎఫ్.ఏ. కప్ గెలిచింది. ముంచినవాడి ఖాతాలో ఆ కప్పు కూడా ఉందని రాసుకోండి.

లెక్కల పుస్తకం

పాత బంతి గారి వాదంలో వయసు, నిబంధన అన్న రెండు అంశాలున్నాయి. రెండింటినీ పరీక్షించవచ్చు.

స్టాంటన్‌ను అమ్మేనాటికి అతని వయసు 22. అతన్ని ముసలి జట్టు ఖాతాలో వేయలేం. బియర్డ్‌స్లీకి ముప్ఫై నిండిన మాట నిజమే గానీ, ఊరవతలి క్లబ్బుకు కూడా కాదు, పార్కు అవతల ఉన్న ఎవర్టన్‌కు పది లక్షల పౌండ్లకు అతన్ని అప్పగించారు. వెళ్లిన మొదటి సీజన్‌లోనే అక్కడ 15 లీగ్ గోల్స్ చేశాడు; న్యూకాసిల్‌కు మారిన తర్వాత 1993–94లో 21 చేశాడు. ఆ ఏడు న్యూకాసిల్ మూడో స్థానంలో, లివర్‌పూల్ ఎనిమిదో స్థానంలో ఉన్నాయి. హౌటన్, స్టాంటన్, వీరితో పాటు 29 లక్షల పౌండ్లకు కొని ఏడాది తిరగగానే అమ్మేసిన డీన్ సాండర్స్, ముగ్గురూ ఆస్టన్ విల్లాలో తేలారు. ప్రీమియర్ లీగ్ మొట్టమొదటి సీజన్ 1992–93లో విల్లా రెండో స్థానంలో నిలిచింది. ఆ సెప్టెంబరులో విల్లా 4–2తో లివర్‌పూల్‌ను ఓడించిన మ్యాచ్‌లో రెండు గోల్స్ సాండర్స్‌వే. పనికిరారని పంపేసినవాళ్లు పక్క క్లబ్బులో టైటిల్ కోసం పోరాడుతుంటే, వయసు మీద నెపం వేయడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంది.

ఇక నిబంధన. విదేశీయుల పరిమితికి భయపడి ఐర్లండ్ వాడైన స్టాంటన్‌ను వదులుకున్న మేనేజర్, అదే వేసవిలో వేల్స్ వాడైన సాండర్స్‌ను, ఆ సీజన్‌లోనే హంగరీ వాడైన కోజ్మాను, తర్వాతి సీజన్‌లో డెన్మార్క్ వాడైన పీచ్నిక్‌ను, నార్వే వాడైన బ్యోర్నెబైను ఎందుకు తెచ్చినట్టు? నిబంధన ఉన్న మాట వాస్తవమే; దాన్ని పట్టుకుని ఒక పద్ధతి ప్రకారం జట్టు కట్టిన దాఖలా మాత్రం కనిపించదు.

నిశితం

సాండర్స్ ఆ ఒక్క సీజన్‌లో యూఈఎఫ్‌ఏ కప్‌లో తొమ్మిది గోల్స్ చేశాడని కూడా రాయాల్సింది. కొనడం తప్పు కాదు, అంత తొందరగా అమ్మడం తప్పు.

ఇంకొక మాట. లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో, పాత మేనేజర్ షాంక్లీ కాలం నుంచి శిక్షకులు కూర్చుని మంతనాలాడే బూట్ రూమ్‌ను సూనెస్ కూల్చేశాడన్న కథ ఈ చర్చలో కూడా రేపో మాపో వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను. 1993లో ఆ గదిని తీసేసి పత్రికా విలేకరుల కోసం చోటు చేసిన మాట వాస్తవం. అది క్లబ్బు తీసుకున్న నిర్ణయమని సూనెస్ ఎప్పుడూ చెబుతూనే ఉన్నాడు. ఆ గదిలో కూర్చునే మనుషుల్లో ముఖ్యులైన రోనీ మోరన్, రాయ్ ఎవన్స్‌లను అతను కొనసాగించాడు. రిజర్వు జట్టు శిక్షకుడు ఫిల్ థామ్సన్‌ను తీసేసింది మాత్రం అతనే. నింద వేయదలచుకుంటే దానికి వేయండి, గోడలకు కాదు.

గ్లాస్గో గట్టు

నేను ఉద్యోగరీత్యా గ్లాస్గోలో ఉంటాను. ఇక్కడ సూనెస్ పేరు చెబితే సగం ఊరు ఇప్పటికీ లేచి నిలబడుతుంది, మిగతా సగం మొహం తిప్పుకుంటుంది. లివర్‌పూల్‌లో ఏమి జరిగిందో అర్థం కావాలంటే అంతకుముందు ఐదేళ్లు ఇక్కడ ఏమి జరిగిందో చూడాలని నా అభిప్రాయం. ఈ చర్చలో ఇంతవరకు ఆ ఊసే రాలేదు.

1986లో సూనెస్ సాంప్‌డోరియా నుంచి ఆటగాడు, మేనేజర్ రెండు హోదాల్లోనూ ఇక్కడి క్లబ్బు రేంజర్స్‌కు వచ్చాడు. ఇటలీలో ఉన్న రెండేళ్లలో సాంప్‌డోరియాకు 1985లో మొట్టమొదటి ఇటలీ కప్ గెలిపించిన జట్టులో ఉన్నాడు. ఫైనల్లో మిలాన్ మీద గోల్ కూడా చేశాడు. అంతకంటే ముఖ్యంగా అక్కడి ఆటగాళ్లు ఏమి తింటారో, ఎలా సాధన చేస్తారో, శరీరాన్ని ఎలా కాపాడుకుంటారో చూసి వచ్చాడు. అప్పటికి రేంజర్స్ లీగ్ గెలిచి ఎనిమిదేళ్లయింది. 1985–86లో ఐదో స్థానంలో ముగించింది. మరోవైపు 1971 దుర్ఘటనలో 66 మంది చనిపోయిన తర్వాత తిరిగి కట్టిన ఐబ్రాక్స్ మైదానం బ్రిటన్‌లోకెల్లా ఆధునికమైన వాటిలో ఒకటి. మైదానం ఉంది, జనం ఉన్నారు, ఛైర్మన్ డేవిడ్ హోమ్స్ డబ్బు ఖర్చు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు, జట్టు మాత్రం లేదు. సరిగ్గా అదే సమయంలో ఇంగ్లండ్ క్లబ్బులకు యూరప్ పోటీల్లో ఆడే అవకాశం లేదు. అంతవరకు స్కాట్లండ్ నుంచి మంచి ఆటగాళ్లు దక్షిణాదికి పోవడమే గానీ, ఇంగ్లండ్ జాతీయ జట్టులో ఆడుతున్నవాళ్లు ఉత్తరానికి రావడమన్నది లేదు. సూనెస్ ఆ ప్రవాహాన్ని వెనక్కి తిప్పాడు. ఇప్స్‌విచ్ నుంచి టెర్రీ బుచర్, నార్విచ్ నుంచి క్రిస్ వుడ్స్ మొదట వచ్చారు; తర్వాత గ్రాహమ్ రాబర్ట్స్, రే విల్కిన్స్, గ్యారీ స్టీవెన్స్, ట్రెవర్ స్టీవెన్ వచ్చారు.

1986 ఆగస్టులో హిబ్స్‌తో తన మొదటి లీగ్ మ్యాచ్‌లోనే, పుట్టిన ఊళ్లోనే, రెడ్ కార్డు తిన్నాడు. సీజన్ చివర 1987 మేలో అబర్డీన్‌లో బుచర్ గోల్‌తో టైటిల్ ఖాయమైన మ్యాచ్‌లో కూడా రెడ్ కార్డే. ఆ రెండు కార్డుల నడుమ తొమ్మిదేళ్ల కరువు తీరింది. 1987లో డైనమో కీవ్ జట్టు ఐబ్రాక్స్‌లో ముందురోజు సాధన చేసి వెళ్లాక, మైదానం అంచు గీతలను నిబంధనలు ఒప్పుకునే కనీస వెడల్పుకు జరిపించి, కీవ్ వింగర్లకు పరుగెత్తే చోటు లేకుండా చేసి 2–0తో గెలిచాడు. అది గడుసుదనమా, దొంగతనమా అన్నది ఇక్కడి పబ్బుల్లో నేటికీ తెగని వ్యాజ్యం. 1989 జులైలో ఊళ్లోనే ఉన్న ప్రత్యర్థి క్లబ్బు సెల్టిక్ మాజీ ఆటగాడు, క్యాథలిక్ అయిన మో జాన్‌స్టన్‌ను తెచ్చి, క్యాథలిక్కులను తీసుకోకూడదని తరాలుగా రేంజర్స్ పాటిస్తూ వచ్చిన అలిఖిత కట్టుబాటును తెంచేశాడు. అభిమానులు కొందరు మెడకు చుట్టుకునే స్కార్ఫులను తగలబెట్టారు. అతను చలించలేదు. ఆ నవంబరులో సెల్టిక్ మీద గెలుపు గోల్ జాన్‌స్టన్‌దే అయ్యాక గొడవ చాలావరకు చల్లారింది.

అతని పనితీరు ఇదీ: ఉన్నదాన్ని కూలదోయడం, డబ్బు కుమ్మరించడం, ఎవరి మాటా వినకుండా కోపంతో ముందుకు తోయడం. రేంజర్స్‌లో కూలదోయడానికి మంచిదేమీ లేదు, కాబట్టి అది విప్లవమనిపించుకుంది. లివర్‌పూల్‌లో కూలదోయగూడనిది చాలా ఉంది. చేతిలో సుత్తి అదే, కొట్టిన గోడ వేరు.

కోటిపల్లి రేవు

గ్లాస్గో గారి వాదం నాకు చాలా నచ్చింది, కానీ అది సూనెస్‌ను నిర్దోషిగా తేలుస్తుందని ఎవరైనా అనుకుంటే ఒప్పుకోను. తన పనితీరు ఎక్కడ చెల్లుతుందో ఎక్కడ చెల్లదో గుర్తించడమే మేనేజర్ పనిలో సగం.

ఆహారం, సాధన విషయాల్లో అతను చెప్పినవి సరైనవేనని ఈనాడు ఎవరూ కాదనరు. లివర్‌పూల్ ఆటగాళ్లు ఆన్‌ఫీల్డ్‌లో దుస్తులు మార్చుకుని బస్సెక్కి మెల్‌వుడ్ మైదానానికి సాధనకు వెళ్లి, మళ్లీ బస్సులో తిరిగొచ్చే ఆచారం దశాబ్దాలుగా ఉండేది. అతను దాన్ని మాన్పించి, అన్నీ మెల్‌వుడ్‌లోనే జరిగేలా చేశాడు. తిండి మార్చాడు. సాధన ఒత్తిడి పెంచాడు. కానీ ఆ ఆటగాళ్లలో చాలామంది పాత పద్ధతిలోనే యూరప్‌లో కెల్లా గొప్ప జట్టుగా ఎదిగినవారు. నిన్నటి దాకా తమ పక్కన ఆడినవాడు వచ్చి మీరు తినేదీ చేసేదీ తప్పని చెబితే వాళ్లు ఎలా వింటారు? మార్పులన్నీ తొందరపడి ఒక్కసారిగా చేశానని సూనెస్ స్వయంగా తర్వాత అన్నాడు. అర్సెన్ వెంగర్ ఆర్సెనల్‌లో 1996 తర్వాత దాదాపు ఇవే మార్పులు తెచ్చాడు గానీ, ఆడమ్స్, డిక్సన్, వింటర్‌బర్న్, సీమన్‌లను అమ్మేయలేదు. ముప్ఫై దాటిన ఆ రక్షణ వరుసతోనే 1998లో లీగ్, ఎఫ్.ఏ. కప్ రెండూ గెలిచాడు. కాపు తగ్గిన చెట్లని తోటంతా కొట్టించేవాడికీ, పాదు చేసి ఎరువు వేసి ఇంకో నాలుగేళ్లు కాయలు దింపుకునేవాడికీ ఉన్న తేడా అదే.

మెర్సీ ఒడ్డు

అన్నిటికంటే బరువైన విషయాన్ని ఎవరూ ముట్టుకోకపోవడం ఆశ్చర్యంగా ఉంది. లివర్‌పూల్ జనం సూనెస్‌కు దూరమైంది ఆరో స్థానం వల్ల కాదు. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట చివరికి 97 మంది లివర్‌పూల్ అభిమానుల ప్రాణాలు తీసింది. నాలుగు రోజుల తర్వాత ‘ది సన్’ పత్రిక మొదటి పేజీలో ఆ చనిపోయినవారి మీద, వారి తోటి అభిమానుల మీద అబద్ధపు నిందలు అచ్చువేసింది. ఆ ఊళ్లో ఆ పత్రికను కొనడం అప్పటి నుంచి మానేశారు. అది ఇప్పటికీ ఊరంతా పాటిస్తున్న వెలి.

మూడేళ్ల తర్వాత తన గుండె శస్త్రచికిత్స కథనాన్ని సూనెస్ అదే పత్రికకు అమ్మాడు. ఏప్రిల్ 13న పోర్ట్స్‌మత్‌తో సెమీఫైనల్ రీప్లేలో జట్టు పెనాల్టీలతో గెలిచాక, ఆసుపత్రి మంచం మీద స్నేహితురాలిని ముద్దు పెట్టుకుంటూ సంబరపడుతున్న అతని ఫొటో ఆ పత్రికలో ఏప్రిల్ 15న వచ్చింది. హిల్స్‌బరో మూడో వర్ధంతి రోజది. తేదీ యాదృచ్ఛికం కావచ్చు, ఆ రోజే వేస్తారని అతనికి తెలియకపోవచ్చు. ఏ పత్రికకు అమ్ముతున్నాడో మాత్రం తెలుసు. క్షమాపణ చెప్పాడు, చాలాసార్లు చెప్పాడు. వెంబ్లీలో కప్పు గెలిచినా అతనికి దక్కాల్సిన ప్రేమ దక్కకపోవడానికి కారణం ఇదే. ఆటలో ఒక మేనేజర్ విఫలమైతే అభిమానులు కొంతకాలం ఓపిక పడతారు. షాంక్లీ కూడా 1966 నుంచి ఏడేళ్లు ఒక్క కప్పూ లేకుండా ఉన్నాడు, ఎవరూ అతన్ని పొమ్మనలేదు. ఆ ఓపికను సూనెస్ ఆ ఒక్క రోజుతో పోగొట్టుకున్నాడు. ఆ తర్వాతి ప్రతి ఓటమీ అతని లెక్కలో రెండింతలైంది: 1993 జనవరిలో మూడో అంచె జట్టు బోల్టన్ ఆన్‌ఫీల్డ్‌కు వచ్చి కప్ విజేతలను 2–0తో ఓడించడం, సరిగ్గా ఏడాదికి బ్రిస్టల్ సిటీ అదే చోట 1–0తో గెలవడం.

పాత బంతి

మెర్సీ ఒడ్డు గారు చెప్పినదాన్ని సమర్థించడానికి నేను నోరెత్తను. కానీ ఇక్కడి ప్రశ్న జట్టు ఎందుకు దిగజారిందన్నది; ఊరు ఎందుకు కోపగించిందన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలిపితే రెండోదాని వేడి మొదటిదాన్ని కూడా కాల్చేస్తుంది.

సూనెస్‌కు మేనేజర్‌గా తెలివి లేదనే వారికి నా సమాధానం బ్లాక్‌బర్న్. 2000 మార్చిలో అక్కడికి వెళ్లి, మరుసటి ఏడాది జట్టును ప్రీమియర్ లీగ్‌కు తిరిగి తెచ్చాడు. 2002 ఫిబ్రవరిలో కార్డిఫ్‌లో టాటెన్‌హామ్‌ను 2–1తో ఓడించి లీగ్ కప్ గెలిచాడు. 2002–03లో ఆరో స్థానంలో నిలిపాడు. అక్కడ చేసిన పనిలో ఆవేశం తక్కువ, ఎంపిక ఎక్కువ. టర్కీ క్లబ్బు గలతసరాయ్‌లో తన దగ్గర ఆడిన గోల్‌కీపర్ బ్రాడ్ ఫ్రీడెల్‌ను లివర్‌పూల్ పక్కన పెడితే తెచ్చుకున్నాడు, రేంజర్స్ నుంచి తుగాయ్‌ను తెచ్చుకున్నాడు, క్లబ్బులోనే పెరిగిన డేమియన్ డఫ్, డేవిడ్ డన్‌లకు ఆట అప్పగించాడు.

గలతసరాయ్ అంటే గుర్తొచ్చింది. 1996 టర్కీ కప్ ఫైనల్ రెండో మ్యాచ్ ప్రత్యర్థి ఫెనర్‌బాచె మైదానంలో ముగిశాక, కప్పు గెలిచిన ఆనందంలో ఒక పెద్ద గలతసరాయ్ జెండాను తీసుకెళ్లి మైదానం మధ్యలో పాతాడు. దాదాపు దొమ్మీ అయింది. ఆ రెండు మ్యాచ్‌లలోనూ గలతసరాయ్ గోల్ చేసింది ఎవరనుకున్నారు? లెక్కల పుస్తకం గారు పదే పదే తలచుకుంటున్న సాండర్సే.

హనుమకొండ హాఫ్‌బ్యాక్

ఎంపికలో నేర్పరి అన్న మాట చదివి నవ్వాగలేదు. 1996 నవంబరులో సౌతాంప్టన్ మేనేజర్‌గా, ప్రఖ్యాత ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ వెయా బంధువునని చెప్పుకుని వచ్చిన అలీ డియా అనే వ్యక్తిని లీడ్స్ మీద ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లో దింపింది ఎవరండీ? గాయపడిన మాట్ లె టిసియే స్థానంలో వచ్చి, మైదానమంతా తిరిగి, కాసేపటికి మళ్లీ బయటికి వచ్చేశాడు. దానికి నెల ముందే అదే సౌతాంప్టన్ మాంచెస్టర్ యునైటెడ్‌ను 6–3తో ఓడించిందనుకోండి. మనిషిని ఒక గీత మీద నిలబెట్టడం కష్టం.

2004 సెప్టెంబరు నుంచి 2006 ఫిబ్రవరి వరకు న్యూకాసిల్‌లో గడిపిన కాలాన్ని కూడా పాత బంతి గారు దాటేశారు. అక్కడ క్రెయిగ్ బెల్లమీతో తగవు, మైదానంలోనే తన ఆటగాళ్లు బోయర్, డయర్ కొట్టుకోవడం, మైకేల్ ఓవెన్‌కు అంత డబ్బు పోసి కొన్నాక అతను గాయపడటం. ఊరు మారింది, క్లబ్బు మారింది, కథ 1991 లివర్‌పూల్‌దే.

లెక్కల పుస్తకం

చర్చ పక్కదారి పట్టకముందు ఇంకొక ఆధారం పెడతాను; ఇది నా వాదానికి కొంత ప్రతికూలమే. 1995 ఏప్రిల్‌లో, అంటే సూనెస్ వెళ్లిన పద్నాలుగు నెలలకు, అతని తర్వాత మేనేజర్ అయిన రాయ్ ఎవన్స్ ఆధ్వర్యంలో లివర్‌పూల్ లీగ్ కప్ ఫైనల్లో బోల్టన్‌ను 2–1తో ఓడించింది. ఆ రోజు మొదటి పదకొండు మందిలో జేమ్స్, రాబ్ జోన్స్, బ్యోర్నెబై, రడక్ – నలుగురు సూనెస్ కొన్నవారు. ఫౌలర్‌ను 1993 సెప్టెంబరులో ఫుల్‌హామ్ మీద మొదటిసారి ఆడించింది సూనెస్. అదే ఫుల్‌హామ్‌తో రెండో మ్యాచ్‌లో ఆ కుర్రవాడు ఐదు గోల్స్ చేశాడు. డాల్గ్లిష్ తెచ్చిన రెడ్‌నాప్‌కు మొదటి అవకాశం ఇచ్చిందీ, ఆ రోజు రెండు గోల్స్‌తో కప్పు గెలిపించిన మెక్‌మనమన్‌ను జట్టులో స్థిరపరచిందీ సూనెసే. మూడు లక్షల పౌండ్లకు నాలుగో అంచెలో ఉన్న క్రూ నుంచి తెచ్చిన రాబ్ జోన్స్‌ను రెండు రోజులు తిరక్కముందే మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో వాళ్ల వింగర్ గిగ్స్‌కు ఎదురుగా నిలబెట్టడానికి గుండె ధైర్యం ఉండాలి. నాలుగు నెలల్లో ఆ కుర్రవాడు ఇంగ్లండ్ జట్టులో ఉన్నాడు.

ఎవన్స్ కాలంలో జట్టు నాలుగు, మూడు, నాలుగు, మూడు స్థానాల్లో ముగిసింది. కాబట్టి సూనెస్ చెడగొట్టినదేదీ బాగుచేయరానిది కాదు. టైటిల్ ముప్ఫై ఏళ్లు రాకపోవడానికి అతన్ని బాధ్యుణ్ణి చేయడం లెక్క తప్పుతుంది. మూడు సీజన్లకు చేయవచ్చు.

కోటిపల్లి రేవు

మూడు సీజన్ల వరకే అన్న గీత నాకు సమ్మతమే, కానీ ఆ ఫైనల్ జాబితాలో మీరు చదవకుండా వదిలేసిన రెండు పేర్లున్నాయి: జాన్ స్కేల్స్, ఫిల్ బాబ్. ఇద్దరూ రక్షణ వరుసవారే, ఇద్దరినీ 1994లో ఎవన్స్ కొత్తగా కొన్నాడు. రక్షణ ఆటగాళ్లు రైట్, పీచ్నిక్, డిక్స్‌ల కోసం సూనెస్ ఖర్చు పెట్టిన తర్వాత కూడా ఆ వరుసకు మళ్లీ డబ్బు పోయాల్సి వచ్చిందంటే, అతను దాన్ని ఏ స్థితిలో అప్పగించి వెళ్లాడో చూడండి. 1994 జనవరి 4న ఆన్‌ఫీల్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ 24 నిమిషాల్లోపే మూడు గోల్స్ కొట్టింది ఆ రక్షణ వరుస మీదే. క్లఫ్ రెండు, రడక్ ఒకటి కొట్టి 3–3 చేశారు. ఆ రాత్రి జట్టులో ఉన్న పట్టుదల సూనెస్‌దేనని నేను కూడా ఒప్పుకుంటాను. మూడు వారాలకే బ్రిస్టల్ సిటీ చేతిలో ఓడినప్పుడు ఆ పట్టుదల ఎటు పోయిందో పాత బంతి గారు చెప్పాలి.

పాత బంతి

చెబుతాను. బ్రిస్టల్ సిటీతో మొదటి మ్యాచ్ మైదానంలో దీపాలు ఆరిపోయి మధ్యలోనే ఆగింది, రెండోది డ్రా అయింది, మూడోది ఓడారు. మూడుసార్లు తలపడి ఒక్కసారి కూడా తమకంటే కింది అంచె జట్టును గెలవలేకపోయారు. అప్పటికి ఆటగాళ్లు అతని కోసం ఆడటం మానేశారన్నది నాకూ కనిపిస్తూనే ఉంది, అందుకే రాజీనామా సరైన సమయానికే జరిగిందని అంటాను. అయినా ఆ వేసవిలో స్కేల్స్, బాబ్‌లను కొనడానికి ఎవన్స్‌కు క్లబ్బు ఇచ్చిన డబ్బు, ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఏ రక్షణ ఆటగాడికీ ఇవ్వనంత డబ్బు. దాన్ని కూడా ఎవన్స్ ఖాతాలో రాసి, ఆ తర్వాత ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టండి.